మెయిల్ వద్దనుకుంటే గుమ్మంలోనే చెప్పండి

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు ప్రాంతాల్లో సొంత మెయిల్ సర్వర్లు నడుపుతున్న కళాశాలల, రొయ్యలు, చేపల ఎగుమతి సంస్థల, తివాచీ వ్యాపారుల, సహకార సంఘాల యాజమాన్యాలకు



మీ సంస్థకు ఎవరో మెయిల్ పంపారు. మీ సర్వర్ దాన్ని తీసుకుంది, స్పామ్ అనుకుంది, ఎవరూ తెరవని ఫోల్డర్‌లో పడేసింది. పంపినవారు చేరిందనుకున్నారు, మీరు రాలేదనుకున్నారు. ఈలోగా ఒక పిల్లవాడి సర్టిఫికెట్ వెరిఫికేషన్ ఆగిపోయింది, లేదా ఒక కంటెయినర్ కాగితాలు ఆలస్యమయ్యాయి. తప్పు ఎవరిదో తేల్చడానికి ఏ ఆధారమూ మిగల్లేదు. నా వృత్తిలో నేను ఎక్కువగా చూసే నష్టం ఇదే. స్పామ్ వచ్చిందని అందరూ ఫిర్యాదు చేస్తారు. రావలసిన మెయిల్ రాలేదని ఫిర్యాదు చేయాలంటే ముందు అది రావలసి ఉందని తెలియాలి కదా! అది తెలియదు కాబట్టే ఈ ఉత్తరం మీ అడ్మిన్లకు కాకుండా మీకు రాస్తున్నాను. ఏ ఒక్క సంస్థనూ వేలెత్తి చూపడానికి కాదు.

మన రెండు జిల్లాల్లో మెయిల్‌తో ముడిపడని పని ఇప్పుడు తక్కువ. ఏలూరులో 1945 నుంచి నడుస్తున్న సర్ సి.ఆర్.రెడ్డి కళాశాల ఉంది. తాడేపల్లిగూడెంలో 2015లో నిట్ వచ్చింది, పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. వీటి చుట్టూ ఎన్నో చిన్నా పెద్దా కళాశాలలు. ఇక కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన రొయ్య ఓడ ఎక్కాలంటే దానికంటే ముందు కాగితాలు వెళ్లాలి: ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ లేడింగ్, హెల్త్ సర్టిఫికెట్, యాంటీబయాటిక్ పరీక్ష రిపోర్టు. అన్నీ మెయిల్‌లోనే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఎగుమతిదారులు కొత్త దేశాల వైపు చూశారు. కొత్త దేశం అంటే కొత్త కొనుగోలుదారు. అతని మొదటి మెయిల్ మీ సర్వర్ ఏనాడూ చూడని చోటు నుంచి వస్తుంది. సరిగ్గా ఆ మెయిల్‌నే మన ఫిల్టర్లు అన్నిటికంటే ఎక్కువగా అనుమానిస్తాయి. వ్యాపారం ఎక్కడ మొదలవ్వాలో అక్కడే దారి మూసుకుపోతోంది.

అలాగని ఫిల్టర్లు తీసేయమని అనడం లేదు. అవి లేని సర్వర్ వారం తిరక్కుండానే చెత్తతో నిండిపోతుంది. నేను అడిగేది ఒక్కటే: వద్దనుకున్న మెయిల్‌ను గుమ్మం దగ్గరే, పంపినవారికి వినపడేలా వద్దనండి. లోపలికి తీసుకుని చప్పుడు చేయకుండా పారేయకండి.

గుమ్మం అంటే ఏమిటో చెప్పాలి. ఒక మెయిల్ మీ సర్వర్‌కు రావాలంటే ముందు అవతలి యంత్రం మీ సర్వర్ 25వ నంబరు పోర్టుకు కనెక్ట్ అవుతుంది. ఆ క్షణంలోనే దాని ఐపీ అడ్రస్ మీకు తెలుస్తుంది. తర్వాత అది తన పేరు చెబుతుంది, ఉత్తరం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెబుతుంది, ఎవరికో చెబుతుంది. ఆ తర్వాతే అసలు ఉత్తరం పంపుతుంది. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్ఎంటీపీ పద్ధతి ఇదే, ఇవాళ్టికీ దీని ఎముకలు మారలేదు. పంపేవారు తమ పేరు అబద్ధం చెప్పొచ్చు, చిరునామా అబద్ధం చెప్పొచ్చు. కనెక్ట్ అయిన యంత్రం ఐపీ అడ్రస్ మాత్రం దాచుకోలేరు. అందుకే ఆ యంత్రాన్ని, అంటే క్లయింట్‌ను, చూసి ఆపే నియమాలకు అంత విలువ. పోస్ట్‌ఫిక్స్ అనే ఉచిత మెయిల్ సర్వర్ మీలో చాలామంది దగ్గర ఉండే ఉంటుంది. వీట్సే వెనెమా 1998లో విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ అది. అందులో ఈ నియమాల జాబితాను క్లయింట్ రిస్ట్రిక్షన్స్ అంటారు.

చేపల చెరువుకు నీళ్లు పెట్టేటప్పుడు తూము దగ్గర జాలీ కడతారు. కొరమీను పిల్లో వాలుగ పిల్లో ఒకసారి లోపల పడితే ఆ తర్వాత దాన్ని వెతికి పట్టడం ఎవరి తరమూ కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. కన్ను మరీ పెద్దదైతే జాలీ ఉన్నా లేనట్టే, మరీ చిన్నదైతే నీళ్లే రావు. మెయిల్‌కూ అంతే.

గుమ్మంలో కాదంటే జరిగేది ఇది. మీ సర్వర్ 554 అనే కోడ్‌తో, కారణంతో సహా, తిరస్కారం చెబుతుంది. ఉత్తరం ఇంకా చేతులు మారలేదు కాబట్టి దాని బాధ్యత అవతలి సర్వర్‌దే. అది నిజాయితీ గల సర్వర్ అయితే తన మనిషికి ‘మీ మెయిల్ వెళ్లలేదు, ఇదీ కారణం’ అని చెబుతుంది. ఆయన మీకు ఫోన్ చేస్తాడు, పని జరుగుతుంది. అవతల ఉన్నది వైరస్ పట్టిన కంప్యూటరైతే ఆ తిరస్కారాన్ని పట్టించుకోదు, దానితో ఎవరికీ నష్టం లేదు. ఇది కాకుండా, ముందు తీసేసుకుని తర్వాత ‘అందించలేకపోయాం’ అని తిరుగు టపా పంపే సర్వర్లూ ఉన్నాయి. స్పామ్ పంపేవాడు పెట్టింది దొంగ చిరునామా. తిరుగు టపా ఆ చిరునామా గల అమాయకుడి నెత్తిన పడుతుంది. అప్పుడు చెత్త పంపుతున్నది మీ సర్వరే అవుతుంది.

మీ అడ్మిన్‌ను పిలిచి లాగ్‌లో ఒక్క పేజీ చూపించమనండి. ‘నోక్యూ: రిజెక్ట్’ అని ఉన్న వరుసలు కనిపిస్తాయి. ఒక్కో వరుసలో తారీఖు, టైము, కనెక్ట్ అయిన ఐపీ అడ్రస్, 554 5.7.1 అనే కోడ్, ఏ బ్లాక్‌లిస్ట్ (అనుమానిత ఐపీ అడ్రసుల జాబితా) వల్ల ఆగిందో దాని పేరు, పంపినవారి చిరునామా, అందుకోవలసినవారి చిరునామా ఉంటాయి. గుమ్మంలోనే ఆపినా ఈ రెండు చిరునామాలు ఎలా దొరికాయంటే, పోస్ట్‌ఫిక్స్ తీర్పును కొంచెం ఆగి చెబుతుంది కాబట్టి. అవతలివారు ‘ఫలానా వారికి’ అనేదాకా విని అప్పుడు కాదంటుంది. అది దాని సహజ అమరిక, మార్చకుండా ఉంచితే చాలు. ఆ వరుసల్లో మీ అమ్మకాల విభాగం చిరునామా ఎదురుగా మీకు తెలిసిన కొనుగోలుదారు పేరు కనిపించిందా? ఆగిపోయిన ఆ మెయిల్ గురించి అప్పుడైనా తెలుస్తుంది. ఎవరూ తెరవని ఫోల్డర్‌లో పడితే అదీ తెలియదు.

ఇక నియమాల వరుస. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, అసలు సమస్యంతా ఇందులోనే ఉంది. పోస్ట్‌ఫిక్స్ ఈ జాబితాను పైనుంచి కిందికి చదువుతుంది. ఏ నియమం ముందు వర్తిస్తే దానితో ఆ జాబితాలో పని ముగుస్తుంది. కాబట్టి మొదట మీ ఆఫీసు నెట్‌వర్క్ యంత్రాలు, తర్వాత పాస్‌వర్డ్ ఇచ్చి లాగిన్ అయిన మీ సిబ్బంది, ఆ తర్వాత మీరు పేరు పేరునా నమ్మి రాసుకున్న సర్వర్లు, వీటన్నిటి తర్వాతే బ్లాక్‌లిస్ట్ రావాలి. ఈ వరుస తిరగబడిందనుకోండి. కైకలూరులో ఇంట్లో కూర్చుని మీ మేనేజర్ బ్రాడ్‌బ్యాండ్ మీద మెయిల్ పంపబోతే మీ సర్వరే ఆయన్ను స్పామర్ అని తోసేస్తుంది. ఎందుకంటే ఇళ్లకు ఇచ్చే బ్రాడ్‌బ్యాండ్ ఐపీ అడ్రసులు చాలావరకు, బ్లాక్‌లిస్టులు నడిపే స్పామ్‌హాస్ అనే సంస్థ వారి పీబీఎల్ అనే జాబితాలో ఉంటాయి. పీబీఎల్‌లో ఉండటం నేరానికి గుర్తు కాదు. ‘ఈ అడ్రసుల నుంచి ఎవరూ నేరుగా మెయిల్ సర్వర్లకు మెయిల్ పంపకూడదు, తమ సంస్థ సర్వర్‌లో లాగిన్ అయి దాని ద్వారా పంపాలి’ అనేదే దాని అర్థం. కాబట్టి సిబ్బందిని 25వ పోర్టుకు కాకుండా 587వ పోర్టుకు మళ్లించి, అక్కడ పాస్‌వర్డ్ తప్పనిసరి చేయాలి. అలా ఏళ్లుగా వేధించిన ఫిర్యాదు పూటలో తీరిన సంస్థలు నాకు తెలుసు.

ఒక హెచ్చరిక కూడా ఈ వరుసకే చెందుతుంది. నమ్మకస్తుల జాబితాను క్లయింట్ నియమాల్లో కాకుండా, అందుకునేవారి నియమాల్లో ‘మనది కాని డొమైన్‌కు పంపవద్దు’ అనే వాక్యానికి పైన పెట్టేవారున్నారు. అప్పుడు ఆ జాబితాలోని యంత్రం మీ సర్వర్ మీదుగా ప్రపంచంలో ఎవరికైనా మెయిల్ తోలగలదు. పోస్ట్‌ఫిక్స్ 2.10 నుంచి ఈ రక్షణను విడిగా ఒక జాబితాలో పెట్టారు. మీది అంతకంటే పాతదైతే వెంటనే మార్పించండి.

బ్లాక్‌లిస్ట్ అంటే ఒక ఐపీ అడ్రస్ మీద ఎవరో చెప్పే సాక్ష్యం. మీ సర్వర్ ప్రతి కనెక్షన్‌కూ డీఎన్ఎస్ (ఇంటర్నెట్‌లో పేర్లకు అడ్రసులు వెతికిపెట్టే వ్యవస్థ) ద్వారా వారిని అడుగుతుంది, వారు జవాబిస్తారు. వీటిలో ఎక్కువమంది నమ్మేది స్పామ్‌హాస్ వారి ‘జెన్’ జాబితా. స్టీవ్ లిన్‌ఫర్డ్ 1998లో మొదలుపెట్టిన సంస్థ అది. కానీ సాక్షిని పిలిచే పద్ధతి తెలియకపోతే నిర్దోషికీ శిక్ష పడుతుంది. చాలా ఆఫీసుల్లో డీఎన్ఎస్ స్థానంలో అలవాటుగా గూగుల్ వారి 8.8.8.8 పెట్టేస్తారు. అలాంటి బహిరంగ డీఎన్ఎస్ ద్వారా వచ్చే ప్రశ్నలకు స్పామ్‌హాస్ జవాబివ్వదు, 127.255.255.254 అనే ఎర్రర్ సంకేతం పంపుతుంది. ‘ఏ జవాబు వచ్చినా తిరస్కరించు’ అని రాసి ఉన్న సర్వర్ దాన్ని నేరారోపణగా తీసుకుని వచ్చిన ప్రతి మెయిల్‌నూ తోసేస్తుంది. మందు రెండు ముక్కలు: సర్వర్ మీదే సొంత డీఎన్ఎస్ రిజాల్వర్ నడపడం, జవాబు 127.0.0.2 నుంచి 127.0.0.11 లోపు ఉంటేనే తిరస్కరించమని నియమంలో రాయడం. ఇంకో మాట. స్పామ్‌హాస్ ఉచిత సేవ తక్కువ వాడకానికి, వ్యాపారేతర అవసరాలకు మాత్రమే. మీ వాడకం వారి షరతుల్లోకి వస్తుందో లేదో చూసుకోండి. రాకపోతే చందా కట్టండి. ఒక్క కంటెయినర్ విలువతో పోలిస్తే అది లెక్కలోకి వచ్చే ఖర్చు కాదు.

పెట్టి మరిచిపోయిన బ్లాక్‌లిస్ట్ ఎంత చేటో 2008లో ప్రపంచమంతా చూసింది. ఓఆర్‌డీబీ అనే జాబితాను దాని నిర్వాహకులు 2006 డిసెంబర్‌లో మూసేశారు. అందరికీ చెప్పే మూశారు. అయినా ఎంతోమంది అడ్మిన్లు తమ సర్వర్లలోంచి ఆ పేరు తీయలేదు, ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. 2008 మార్చిలో ఆ జాబితా అడిగిన ప్రతి అడ్రస్‌నూ ‘స్పామే’ అనడం మొదలుపెట్టింది. దాన్ని ఇంకా వాడుతున్న సర్వర్లు వచ్చిన మెయిల్ మొత్తాన్నీ తిప్పికొట్టాయి. ఒకప్పుడు బాగా వాడుకలో ఉన్న సోర్బ్స్ కూడా 2024 జూన్‌లో మూతపడింది. మీ సర్వర్‌లో ఏయే జాబితాల పేర్లున్నాయో, అవి బతికే ఉన్నాయో లేదో చివరిసారి ఎవరు, ఎప్పుడు చూశారు? ఈ ప్రశ్నకు మీ ఆఫీసులో జవాబు చెప్పే మనిషి ఉండాలి.

రివర్స్ డీఎన్ఎస్ దగ్గర మనవాళ్లు రెండు వైపులా దెబ్బ తింటున్నారు. ఐపీ అడ్రస్ అడిగితే పేరు రావాలి, ఆ పేరు అడిగితే మళ్లీ అదే అడ్రస్ రావాలి. ఈ రెండూ కలవకపోతే తిరస్కరించే నియమం పోస్ట్‌ఫిక్స్‌లో ఉంది. అది చాలా కఠినమైనది. చిన్న దేశాల్లోని చిన్న కొనుగోలుదారుల సర్వర్లు, ఆ మాటకొస్తే మన పక్క ఊరి కళాశాల సర్వరూ, ఈ పరీక్షలో పోతాయి. అసలు పేరే లేని అడ్రస్‌ను మాత్రమే ఆపే మెత్తని నియమం ఇంకొకటి ఉంది. ఎగుమతి సంస్థలకు నా సలహా అదే. ఇక రెండో వైపు: మీ సొంత లీజ్డ్ లైన్ ఐపీకి పేరు పెట్టించుకున్నారా? అది మీ డొమైన్ కొన్న చోట జరిగే పని కాదు, ఇంటర్నెట్ ఇచ్చిన కంపెనీ చేతిలో ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ తమకు మెయిల్ పంపే సర్వర్లకు కొత్త షరతులు పెట్టాయి. సరైన రివర్స్ డీఎన్ఎస్ ఉండాలని, మెయిల్ మీ డొమైన్‌దేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండాలని జీమెయిల్ చెబుతోంది. మీ విద్యార్థుల్లో ఎక్కువమంది వాడేది జీమెయిలే కదా. హాల్‌టికెట్ల మెయిల్ వాళ్లకు చేరకపోతే ముందు ఇక్కడ వెతకండి.

ఏ కొత్త నియమమైనా పెట్టిన రోజే అమలు చేయనివ్వకండి. నియమం ముందు ‘వార్న్ ఇఫ్ రిజెక్ట్’ అనే మాట చేరిస్తే పోస్ట్‌ఫిక్స్ ఏ మెయిల్‌నూ ఆపదు, ‘ఇది ఉంటే ఈ మెయిల్‌ను ఆపేదాన్ని’ అని లాగ్‌లో మాత్రం రాస్తుంది. రెండు వారాలు అలా వదిలేసి, ఆ వరుసలను అడ్మిన్ ఒక్కడే కాకుండా మీ గుమాస్తా, ఎగుమతుల మేనేజర్, పరీక్షల విభాగం వారు కలిసి చూడాలి. ఏ పేరు ముఖ్యమో అడ్మిన్‌కు తెలియదు, మీకు తెలుసు. చెన్నైలోని షిప్పింగ్ ఏజెంటో, పరీక్షల ల్యాబో ఆ వరుసల్లో కనిపిస్తే నమ్మకస్తుల జాబితాలో రాయించి, ఆ తర్వాత నియమం అమలు చేయించండి.

గ్రేలిస్టింగ్ గురించి ఒక్క మాట. కొత్తవారిని ‘కాసేపాగి రా’ అని పంపే పద్ధతి అది, 2003 నుంచి వాడుకలో ఉంది. కౌన్సెలింగ్ రోజుల్లో, ఓటీపీలు రావలసిన చోట అది ఇబ్బంది పెడుతుంది. కళాశాలలు దాని జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇవన్నీ సరిగ్గా చేసినా ఆగనివి ఉన్నాయి, అది కూడా నిజాయితీగా చెప్పాలి. ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు ఈ ఖాతాకు పంపండి’ అని కొనుగోలుదారుకు మీ పేరుతో వెళ్లే మెయిల్ మీ సిబ్బందిలో ఒకరి అసలు ఖాతా నుంచే వెళ్లొచ్చు. పాస్‌వర్డ్ దొంగిలించినవాడు లాగిన్ అయ్యే పంపుతాడు, కాబట్టి పైన చెప్పిన వరుసలో రెండో నియమమే వాడికి దారిస్తుంది. అదే ఖాతా నుంచి రాత్రికి రాత్రి వేల స్పామ్ మెయిళ్లు బయటికి పోతే తెల్లారేసరికి మీ సంస్థ ఐపీయే బ్లాక్‌లిస్ట్‌లో ఉంటుంది. అప్పుడు లోకం మిమ్మల్ని గుమ్మంలో ఆపుతుంది. అందుకే ఒక్కో ఖాతా గంటకు ఇన్నే పంపాలనే హద్దు, పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధ్రువీకరణ ఉండాలి. ఖాతా మారిందనే కబురు ఏ వైపు నుంచి వచ్చినా మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా మీ పాత పుస్తకంలోని నంబరుకు ఫోన్ చేసి తేల్చుకోవాలి. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మోసం జరిగాక గడిచే ప్రతి గంటా దొంగకే మేలు.

మన దేశంలో అక్కర్లేని ఫోన్ కాల్స్, ఎస్ఎంఎస్‌ల మీద టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలు ఉన్నాయి. అవి మెయిల్‌కు వర్తించవు. ఐటీ చట్టంలో మెయిల్ ద్వారా విసిగించడాన్ని నేరంగా చూసిన 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టేసింది. భావప్రకటన స్వేచ్ఛ కోణంలో అది సరైన తీర్పే. ఇక మెయిల్ స్పామ్ విషయంలో కాపలా చాలావరకు సర్వర్ నడిపేవారి భుజాల మీదే పడింది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు దాచాలి, సైబర్ దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో వారికి తెలపాలి. డిస్క్ నిండిందని లాగ్‌లు చెరిపేస్తున్న చోట్లు నేను చూశాను. ఒక హార్డ్ డిస్క్ కొనివ్వండి.

మీరు చేయవలసిన పని పెద్దది కాదు. పోస్ట్‌మాస్టర్ అనే పేరుతో ప్రతి డొమైన్‌లోనూ మెయిల్ తీసుకోవాలని ఇంటర్నెట్ ప్రమాణాలే చెబుతున్నాయి. ఆ చిరునామా ఉండాలి, దానికి ఏ బ్లాక్‌లిస్టూ అడ్డు రాకూడదు, రోజూ ఒక మనిషి దాన్ని చదవాలి. పోస్ట్‌ఫిక్స్ 2.8 నుంచి ప్రతి తిరస్కారం చివర మన మాట ఒకటి చేర్చే వీలుంది. అక్కడ ‘పొరపాటున ఆగిందనుకుంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని మీ ఆఫీసు ఫోన్ నంబరు పెట్టించండి. ఆ ఫోన్ ఎత్తేవారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. మీ దగ్గర సర్వర్ చూసే కుర్రాడో అమ్మాయో ఒక్కరే అయితే రెండో మనిషికి కూడా పని నేర్పించండి. ఆ ఒక్కరూ సెలవు పెట్టిన వారమే ఏ బ్లాక్‌లిస్టో మూతపడుతుంది. నియమం మార్చే ముందు వారు మీ సంతకం అడిగితే విసుక్కోకండి, ఏం మారుస్తున్నారో అడిగి తెలుసుకుని సంతకం పెట్టండి.

ఈ ఉత్తరంలో చెప్పిన వరుసలో మీ సర్వర్ నియమాలు ఉన్నాయో లేదో చూసుకోవడానికి ఏ సంస్థ అడ్మిన్ అయినా నా దగ్గరికి రావచ్చు. చిన్న కళాశాలలకు, సహకార సంఘాలకు నేను దీనికి డబ్బు తీసుకోను. మీ లాగ్‌లు మీ దగ్గరే ఉంచుకోండి, గత నెలలో ఆగిన మెయిళ్ల వరుసలు మాత్రం కాగితం మీద తీసుకురమ్మనండి.

ఇట్లు,
ఏలూరులో మెయిల్ సర్వర్ల పని చేసే ఒక ఇంజనీరు